ఫణిగిరి నుండి కాన్హా వరకు: ధ్యానం, ఒత్తిడి

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలకు ధ్యానం కొత్తది కాదు. సుమారు 2000 ఏళ్ల క్రితమే ఫణిగిరి గుట్టపై బౌద్ధ భిక్షువులు విహారాలు నిర్మించుకొని నివసించారు. నేడు నాగార్జునసాగర్ హిల్ కాలనీలో పది రోజుల విపశ్యన శిబిరాలు జరుగుతున్నాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన కాన్హాలో 2020లో విశాలమైన ధ్యానమందిరం ప్రారంభమైంది.

అయితే ఒక భేదాన్ని గమనించండి. ఆ భిక్షువులు కోరినది దుఃఖవిముక్తి. మనలో పలువురు కోరుతున్నది ఒత్తిడి నుండి ఉపశమనం. ధ్యానయోగాల ప్రభావాన్ని యంత్రాలతో కొలవడం ఇటీవలి చరిత్రే. 1935లో ఫ్రెంచి వైద్యురాలు తెరేజ్ బ్రాస్ భారతదేశానికి వచ్చి యోగుల గుండె లయను నమోదు చేశారు. 1970లలో అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ ధ్యానవేళ శ్వాస, గుండెవేగం నెమ్మదించడాన్ని వివరించారు. 2009లో ఇటలీ పరిశోధకులిద్దరు ఆరోగ్యవంతులపై జరిగిన 10 అధ్యయనాలను సమీక్షించారు. మనసును వర్తమానంలో నిలిపే ధ్యానశిక్షణ ఒత్తిడిని తగ్గించినట్లు తేలింది. కాని సాధారణ విశ్రాంతి శిక్షణతో నేరుగా పోల్చినప్పుడు రెండూ సమానంగానే పనిచేశాయి.

అందుచేత ఏ ఒక్క పద్ధతికో మహిమను ఆపాదించడం తగదు. ధ్యానం మొదలుపెట్టామన్న ధీమాతో రక్తపోటు మాత్రలు మానివేసి, పక్షవాతంతో వచ్చినవారిని నా వైద్యవృత్తిలో చూశాను. ఆసనాలు వేయండి, ప్రాణాయామం చేయండి, నిశ్శబ్దంగా కూర్చోండి. మాత్రలను మాత్రం వైద్యుని అడగకుండా మానకండి. ధ్యానం మందుకు తోడు. మందుకు బదులు కాదు.