రెండు చుక్కలు - ఒక గీత

ఆ మధ్య ఓ సాయంత్రం ఇంటర్ చదివే మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చి, "తాతయ్యా, రెండు బిందువులిస్తే సరళరేఖ సమీకరణం రాయడం ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. లెక్క చెయ్యమంటే జడుసుకునేవాణ్ణే గాని, అడిగింది చరిత్ర. "ఇంకెవరు, డెకార్ట్!" అన్నాను దర్జాగా. అది కాస్తా నోట్సులో రాసేసుకుంది.

రాత్రి అనుమానం పట్టుకుంది. బీరువాలో పుస్తకాలు దింపి చూద్దును గదా, నా పరువు కాస్తా పోయింది.

డెకార్ట్ 'జామెట్రీ' 1637లో అచ్చయిన మాట నిజమే. కాని ఆయన ధ్యాసంతా వంకర గీతల మీదే. రెండు అవ్యక్తరాశులున్న మొదటి ఘాత సమీకరణం సరళరేఖే అవుతుందని విప్పి చెప్పినవాడు ఫెర్మా. తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం, తీరికవేళ గణితం. డెకార్ట్ పుస్తకం రాకముందే రాసి, చేతిరాత ప్రతి మిత్రులకిచ్చి ఊరుకున్నాడు. ఆయన 1665లో పోతే, కొడుకు 1679లో అచ్చు వేయించాడు. అప్పటికి పేరంతా డెకార్ట్‌దే! మన బడి పుస్తకాల్లోని సూత్రం మరో వందేళ్లకు గాని మాంజ్, లాక్రువా వంటి ఫ్రెంచి అయ్యవార్ల చేతుల్లో కుదురుకోలేదు.

ఇంతకీ అందులో ఉన్నదేమిటి? (2, 3), (5, 9) అని రెండు బిందువులు. అడ్డంగా 3 జరిగితే నిలువుగా 6 ఎక్కాం. అంటే ఒకటికి 2. అదే వాలు. మొదటి బిందువు నుంచి అదే వాలున నడిస్తే వై = 2ఎక్స్ - 1. రెండో బిందువుతో సరిచూడండి: రెండైదులు పది, ఒకటి తీస్తే 9.

ఇంతకు ఇంతయితే అంతకెంత? అరె, ఇది మా మేష్టారు బెత్తం చూపించి నేర్పిన త్రైరాశికమే! ఆర్యభటుడు 499 నాటి గ్రంథంలో, 3438 వ్యాసార్ధానికి 24 జ్యాలు కట్టాడు. 225 కళలకు 225, 450 కళలకు 449. మరి 300 కళలకో? మన జ్యోతిష్కులకు త్రైరాశికమే దిక్కు. 225 కళలకు 224 పెరిగితే 75 కళలకు 74.67. మొత్తం 299.67. నేటి లెక్కకు 299.64! రెండు చుక్కల మధ్య వంపును గీత అనుకుని దాటేశారన్నమాట. అలాగని సమీకరణం కూడా మనదేనని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. అక్షాలు, సమీకరణాలు తర్వాతి సంగతి.

తెల్లారగానే మనవరాలిని పిలిచి, "రాత్రి నేను చెప్పింది తప్పే తల్లీ. ఫెర్మా పేరు రాసుకో" అన్నాను.

"పరీక్షలో అడగరులే, తాతయ్యా!"

"అడగరు గనకే చెబుతున్నా. పాపం, ఆయన రాత అచ్చెక్కడానికి నలభయ్యేళ్లు పైనే పట్టింది. నీ నోట్సులోకి ఎక్కడానికి ఒక్క రాత్రి చాలదూ?"

అది నవ్వి, పెన్ను తీసింది.