కారణం తెలియని కృశత్వం: వైద్యుల దృష్టిలో వచ్చిన మార్పులు

పథ్యం చేయకుండా, శ్రమ పెంచకుండా మనిషి బరువు తగ్గిపోతూ ఉంటే నేటి వైద్యులు దాని వెనుక వేరొక జబ్బు ఉందేమోనని వెతుకుతారు గాని, ప్రాచీన కాలంలో ఆ చిక్కిపోవడమే జబ్బు. చరక సంహిత నిదానస్థానం శోషకు, అంటే ఈ చిక్కిపోవడానికి, ఒక అధ్యాయాన్నే కేటాయించి, శక్తికి మించిన సాహసం, మలమూత్ర వేగాలను ఆపుకోవడం, ధాతుక్షయం, విషమాశనం, అంటే వేళాపాళా లేని తిండి, అనే నాలుగు కారణాలను చెప్పింది. గ్రీకు వైద్యుల థైసిస్ కూడా ఇలాంటి భావనే కనుక, నేడు క్షయ, క్యాన్సర్, పేగుల జబ్బు అని విడదీసి చెప్పేవి అప్పట్లో ఒకే పేరు కింద కలిసిపోయి ఉండాలి.

కొలిచే సాధనం లేక ఈ స్థితి కొనసాగిందనుకోవడం పొరపాటు. ఇటలీ వైద్యుడు శాంతోరియో తక్కెడకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని, తిన్నదీ తాగినదీ విసర్జించినదీ ఏళ్ల తరబడి తూచి, 1614లో ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. అయితే అతని ఆసక్తి అంతా చర్మం గుండా కంటికి కనపడకుండా పోయే ఆవిరి మీదే. తక్కెడ సిద్ధంగా ఉన్నా, చిక్కిపోతున్న రోగిని నెలనెలా తూచి చూడాలన్న ఆలోచన వైద్యంలో స్థిరపడడానికి చాలా కాలం పట్టింది.

1882లో జర్మన్ వైద్యుడు కాక్ క్షయ క్రిమిని చూపించాక కృశత్వం జబ్బు స్థాయి నుంచి లక్షణం స్థాయికి దిగింది. శానిటోరియాల్లో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటివి వెలిసిన ఆ కాలంలో, రోగి బరువు పెరగడాన్ని కోలుకుంటున్నాడనడానికి గుర్తుగా చూసేవారు. తగ్గిన బరువు ప్రాణానికి ఎంత ముప్పో అంకెల్లో చూపినవాడు క్లీవ్‌లాండ్ శస్త్రవైద్యుడు స్టడ్లీ: జీర్ణాశయ పుండుకు శస్త్రచికిత్స పొందినవారిలో, అంతకుముందే 20 శాతానికి మించి బరువు కోల్పోయినవారిలో మూడో వంతు మంది మరణించగా, మిగిలినవారిలో మరణాలు 3.5 శాతమేనని 1936లో అతడు ప్రకటించాడు.

అసలు మలుపు కుందేళ్ల వల్ల వచ్చింది. ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన కుందేళ్లు, ఒంట్లో ఆ జీవులు కొద్దిగానే ఉన్నా, ఎముకల గూళ్లుగా మారడం సెరామీ అనే శాస్త్రవేత్తను ఆశ్చర్యపరిచింది. ఆ జంతువుల రోగనిరోధక కణాలే విడుదల చేసే ఒక పదార్థానికి అతని బృందం కాకెక్టిన్ అని పేరు పెట్టగా, అదీ, కణితులను చంపే పదార్థంగా వేరొకచోట కనుగొన్న టీఎన్‌ఎఫ్ కూడా ఒకటేనని 1985లో తేలింది. తిండి చాలక చిక్కడం వేరు, శరీరం తన కండను తానే కరిగించుకోవడం వేరని దీనితో స్పష్టమైంది. కండ తరిగిపోతూ, పోషణ ఒక్కదానితో పూర్తిగా తిరిగిరాని ఈ స్థితిని కాకెక్సియా అంటారు. చరకుని కాలంలో లాగే చిక్కిపోవడానికి మళ్లీ జబ్బు హోదా దక్కిందనడం అతిశయోక్తి కాదు.

ఆరు నుంచి పన్నెండు నెలల్లో 5 శాతం, అంటే 60 కిలోల మనిషిలో 3 కిలోలు తగ్గితే పరీక్షించాలన్నది నేడు వాడుకలో ఉన్న హద్దు. పాత బరువు రాసిపెట్టుకోని రోగి విషయంలో ఈ లెక్క పనికిరాదు కాబట్టి, బెల్టుకు కొత్తగా పొడిచిన రంధ్రం, వదులైన రవిక, జారిపోతున్న ఉంగరం సాక్ష్యమవుతాయి. వృద్ధుల్లో ఊడిన పళ్లు, మనోవ్యాకులత, వాడుతున్న మందులు కూడా కారణాలే. అన్ని పరీక్షలూ చేశాక కూడా కొందరిలో ఏమీ దొరకదు. అలాంటివారిని కొన్ని నెలల తర్వాత మళ్లీ పిలిచి తూచడమే వైద్యులు అనుసరిస్తున్న మార్గం.