అమెరికాలో ఎన్నికల మండలములు, న్యాయస్థానములు

ఓటుహక్కు లభించిననాఁడే సర్వమును లభించినదని తలఁచువారు మనలోఁ బెక్కుమంది కలరు. సంఖ్యాబలము గలవారికి సభలోఁ దగిన స్థానములు తమంతఁ దామే సమకూరునని వారి నమ్మకము. ఆ యోటు ఏ సరిహద్దులో లెక్కింపఁబడునో ఆ సరిహద్దును గీయు చేయి యెవరిదను ప్రశ్న వారికిఁ దోఁపదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నీ ప్రశ్నపై న్యాయస్థానములయెదుట జరిగిన దీర్ఘవివాదమును చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కపటము బహుపురాతనము. 1812లో మసాచుసెట్సు రాష్ట్ర గవర్నరగు ఎల్బ్రిడ్జి గెర్రీ, తన పక్షమువారు తమ లాభమునకై గీసికొన్న మండలముల చట్టముపై సంతకము చేసెను. అందొక మండలము మెలికలు తిరిగి, సాలమాండరను బల్లివంటి జంతువును బోలియుండెను. బోస్టను గెజెట్టు పత్రిక మార్చి 26వ తేదీన దానికి ఱెక్కలును గోళ్లును తగిలించి వ్యంగ్యచిత్రము ప్రకటించెను. గవర్నరు పేరును జంతువు పేరును గలిసి ‘గెర్రీమాండరు’ అను మాట పుట్టినది. స్వాతంత్ర్య ప్రకటనముపై సంతకము చేసిన పెద్దలలో నాయన యొకఁడు. లోకమున నాయన పేరు నిలిచినది మాత్రము ఈ బల్లివలననే!

ఇందలి తంత్రమంతయు లెక్కలలో నున్నది. 50 మంది ఓటరులు, పదేసిమందికి ఒకటి చొప్పున 5 మండలములు అనుకొందము. ఒక పక్షమునకు 30 మంది, రెండవదానికి 20 మంది. పెద్దపక్షమువారిని తొమ్మిదేసిమందిగ రెండు మండలములలోఁ గుక్కి, మిగిలిన 12 మందిని తక్కిన మూఁడింటికి నలుగురేసిగఁ జీల్చినచో, ఆ మూఁడింటను చిన్నపక్షమే గెలుచును. ఒక్క యోటును దొంగిలింపలేదు, ఎవరి నోటును కాదనలేదు. అయినను 20 మందికి మూఁడు స్థానములు, 30 మందికి రెండు. మనదేశమున సరిహద్దులను నిర్ణయించునది సుప్రీముకోర్టు న్యాయమూర్తియైనవారు అధ్యక్షులుగాఁ గల సంఘము. అమెరికాలోఁ బెక్కు రాష్ట్రములందు శాసనసభ్యులే గీసికొందురు.

దీనిని న్యాయస్థానము విచారింపవచ్చునా? 1946లో ఇల్లినాయి రాష్ట్రమునుండి కోల్‌గ్రోవ్ అను ఆచార్యుఁడు తెచ్చిన వివాదమున ఈ ప్రశ్న వచ్చెను. అచ్చట 1901నాఁటి మండలములే నిలిచియుండుటచే, ఒకదానిలో 9,14,000 జనమును మఱియొకదానిలో 1,12,000 జనమును ఉండిరి. న్యాయమూర్తి ఫీలిక్సు ఫ్రాంక్‌ఫర్టరు, రాజకీయముల ముండ్లపొదలోఁ గోర్టులు కాలు పెట్టరాదని వ్రాసెను. దావా వీఁగిపోయినది.

ఆ న్యాయమూర్తియే 14 సంవత్సరములకు వేఱుగ వ్రాయవలసివచ్చెను. అలబామా రాష్ట్రమున టస్కీగీ యను పట్టణము కలదు. బుకర్ వాషింగ్టను నడపిన ప్రసిద్ధ విద్యాలయ మచ్చటిదే. అచ్చటి నల్లజాతివారు విద్యావంతులై, మెల్లమెల్లగ ఓటరుల పట్టికలోఁ జేరుచుండిరి. 1957లో రాష్ట్ర శాసనసభ వారి యోటును తీసివేయలేదు; చతురస్రముగ నున్న పట్టణపు సరిహద్దును 28 ప్రక్కలు గల వికృతాకారముగ మార్చెను. సుమారు 400 మంది నల్ల ఓటరులలో నలుగురైదుగురు దక్క అందఱును, తమ యిండ్లు కదలకయే పట్టణమునకు వెలుపలివారైరి. తెల్లవారిలో ఒక్క ఓటరైనను వెలుపలఁ బడలేదు. నల్లవారు తెల్లవర్తకుల యంగళ్లలో సరకులు కొనుట మానిరి. ఆ విద్యాలయపు ఆచార్యుఁడు చార్లెస్ గొమిలియను కోర్టు కెక్కెను. క్రింది కోర్టులు రెండును త్రోసిపుచ్చినవి. 1960 నవంబరులో సుప్రీముకోర్టు, ఆరోపణ ఋజువైనచో అట్టి చట్టము చెల్లదని యేకగ్రీవముగఁ దీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినది ఫ్రాంక్‌ఫర్టరే. మఱుసటి యేఁడు పాత సరిహద్దు మరల వచ్చినది.

ఆపై 1962లో, సరిగ మార్చి 26వ తేదీననే, అనఁగా బోస్టను చిత్రము వెలువడిన 150 సంవత్సరములకు, టెనెస్సీ మండలముల వివాదమును కోర్టులు విచారింపవచ్చునని తీర్పు వచ్చెను. దీనికి మాత్రము ఫ్రాంక్‌ఫర్టరు సమ్మతింపలేదు. 1964లో మండలముల జనసంఖ్య సమానముగ నుండవలెనని స్థిరపడినది.

జాతినిబట్టి గీయుట తప్పు, జనసంఖ్య హెచ్చుతగ్గులుగ నుండుట తప్పు. మఱి పక్షమునుబట్టి గీయుటయో? 1982లో ఇండియానా రాష్ట్రమున డెమొక్రాటులకు 51.9 శాతము ఓట్లు వచ్చియు, 100 స్థానములలో 43 మాత్రమే దక్కెను. ఇట్టి దావాను విచారింపవచ్చునని 1986లో సుప్రీముకోర్టు అనెను, దావా వేసినవారు మాత్రము ఓడిరి.

నార్తు కెరొలైనాలో దాఁపరికమే లేకపోయెను. 13 స్థానములలో తమ రిపబ్లికను పక్షమునకు 10, ఎదుటివారికి 3 వచ్చునట్లు గీయుదుమనియు, 11 వచ్చునట్లు గీయుట సాధ్యము కానందుననే పదితోఁ దృప్తిపడుచున్నామనియు ఆ పనికి బాధ్యుఁడగు సభ్యుఁడే బహిరంగముగఁ జెప్పెను. 2016లో 53 శాతము ఓట్లకుఁ బదియే వచ్చినవి. మేరీలాండులో డెమొక్రాటులును ఇట్టి పనియే చేసిరి. ఈ విద్యలో నిరుపక్షములును సమర్థములే. రెండు వివాదములును కలిపి 2019 జూన్ 27వ తేదీన 5-4 తీర్పు వెలువడెను. ఇట్టి పటములు అన్యాయముగఁ దోఁచునని యొప్పుకొనియు, ఎంత మించినచో అతియో కొలుచు కొలబద్ద కోర్టులకు లేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సు వ్రాసెను. క్రింది కోర్టులు కొలిచి చూపినవికదా యని న్యాయమూర్తి ఎలీనా కేగను విభేదించెను. నాకు కేగను మాటయే సబబుగఁ దోఁచుచున్నది. చేసినవాఁడే చేసితినని చెప్పుచుండఁగా కొలబద్దకై వెదకనేల?

దీని ఫలము టస్కీగీ తీర్పువఱకును ప్రాఁకినది. సౌతు కెరొలైనాలో సుమారు 30,000 మంది నల్లవారిని ఒక మండలమునుండి వేఱొకదానికిఁ ద్రోసిన వివాదమున, తాము చూచినది జాతిని గాదు, పక్షమును మాత్రమేయని శాసనసభవారు పలికిరి. 2024లో సుప్రీముకోర్టు 6-3 గా వారి పక్షమే వహించెను.

మిగిలినది రాష్ట్రముల న్యాయస్థానములు. నార్తు కెరొలైనా సుప్రీముకోర్టు 2022 ఫిబ్రవరిలో పక్షపాతపు పటమును కొట్టివేసెను. కోర్టు గీయించిన పటముతో ఆ నవంబరున జరిగిన ఎన్నికలలో ఇరుపక్షములకును ఏడేసి స్థానములు వచ్చెను. ఆ యెన్నికలలోనే ఆ కోర్టు న్యాయమూర్తులును మాఱిరి. 2023 ఏప్రిలులో అదే కోర్టు తన తీర్పును తానే త్రిప్పివైచెను. క్రొత్త పటము వచ్చినది. 2024లో 14 స్థానములలో రిపబ్లికనులకు 10, డెమొక్రాటులకు 4.