శనివారం మధ్యాహ్నం ఎవరిది?

ఇంగ్లండులో వృత్తి ఫుట్‌బాల్ పందేనికి టిక్కెట్టు కొనేవాడు అసలు దేన్ని కొంటున్నాడు? పైకి ఇది అల్పమైన ప్రశ్నగా కనిపిస్తుంది. మన మిత్రుల్లో కొందరికి ఆటల గూర్చి చర్చించడమే కాలహరణంగా తోస్తుంది. శ్రామికుణ్ణి సంఘం నుంచీ సమ్మె నుంచీ మళ్ళించే మత్తుమందు అని ఒక మాట అనేసి వూరుకుంటారు. కాని నూరేళ్ళకు పైగా చలిలో, వానలో, వారం కూలిలోంచి తీసిన చిల్లరతో కోట్లాది శ్రామికులు చేసిన పనిని ఇంత తేలిగ్గా కొట్టివేస్తే ఆ వర్గం చరిత్రను మనం చదవనట్టే. ఎరిక్ హాబ్స్‌బామ్ వంటి మార్క్సిస్టు చరిత్రకారుడు ఇంగ్లీషు కార్మికవర్గ జీవితాన్ని గూర్చి రాసేటప్పుడు ఫుట్‌బాల్‌ను విడిచిపెట్టలేదు.

అర్థశాస్త్రజ్ఞుల దగ్గర ఈ ప్రశ్నకు ఒక జవాబు సిద్ధంగా వుంది. 1956లో సైమన్ రాటెన్‌బర్గ్ అనే అమెరికన్, బేస్‌బాల్ ఆటగాళ్ళ శ్రమ మార్కెట్టును పరిశీలిస్తూ, ఫలితం ముందుగా తెలియకపోవడమే ప్రేక్షకుణ్ణి గేటు దగ్గరికి రప్పిస్తుందని వాదించాడు. 1964లో వాల్టర్ నీల్ దాన్ని మరికొంత సాగదీశాడు: తక్కిన వ్యాపారాల్లో పోటీదారు నాశనమైతే లాభం, ఆటలో పోటీదారు బలంగా వుంటేనే లాభం. తెలివైన మాటే. అయితే ఇంగ్లండు గేటు లెక్కలు ఈ సిద్ధాంతానికి పూర్తిగా లొంగలేదు. తన జట్టు గెలుస్తుందన్న ధీమా వున్ననాడూ జనం వస్తారు; ఓడక తప్పదని తెలిసినా, వచ్చేది పేరుమోసిన జట్టయితే ఇంకా ఎక్కువగా వస్తారు. ధర పెంచితే జనం తగ్గుతారు గాని, పెంచినంతగా తగ్గరు. పై తరగతి లీగు నుంచి కిందికి జారిన జట్టు వెంట కూడా వేలమంది జారిపోతారు. ఇది సబ్బు కొనేవాడి లక్షణం కాదు. ఈ సబ్బు నచ్చకపోతే మరో సబ్బు కొంటాం. తన జట్టు ఓడిందని సండర్లాండు వాడు న్యూకాసిల్ జట్టుకు టిక్కెట్టు కొనడు. అర్థశాస్త్రం “ధరకు లొంగని గిరాకీ” అని పేరుపెట్టి వదిలేసిన ఈ మొండితనం ఎక్కడ పుట్టింది? చరిత్ర చెప్పవలసింది అదే.

అది ఆటలో పుట్టలేదు, గడియారంలో పుట్టింది. పనిగంటల తగ్గింపు కోసం ఏళ్ళ తరబడి సాగిన ఆందోళన ఫలితంగా, 1850 నాటి ఫాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో శనివారం పని మధ్యాహ్నం 2 గంటలకు ముగియాలని శాసించింది. చట్టం వర్తించింది స్త్రీలకూ పడుచువాళ్ళకూ మాత్రమే. కాని వాళ్ళు వెళ్ళిపోతే మగ్గం ఆడదు, కదురు తిరగదు. కనుక మగవాళ్ళకూ ఆ పూట దక్కింది. మిగిలిన వృత్తులవాళ్ళు ఆ తర్వాత సంఘాల బలంతో ఒక్కొక్కరే దాన్ని సంపాదించుకున్నారు. ఫుట్‌బాల్ పందెం శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలవడం ఏ ఆటల పెద్ద నిర్ణయమో కాదు. మిల్లు కూతకూ ఆట ఈలకూ మధ్య వున్న ఆ గంటలోనే కూలి చేతికి అందాలి, నాలుగు మెతుకులు తినాలి, మైదానానికి నడవాలి.

మొదట ఆట పెద్దమనుషులది. 1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించినవాళ్ళు దొరబిడ్డల బడుల్లో చదివినవాళ్ళు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1883 కప్పు ఫైనల్లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఈటన్ పూర్వవిద్యార్థుల జట్టును 2-1తో ఓడించింది. గెలిచినవాళ్ళలో నేతపనివాళ్ళున్నారు, ఇనుప పోతపనివాళ్ళున్నారు. వాళ్ళు పని మాని సాధన చేయడానికి డబ్బు పెట్టింది మాత్రం ఒక పోత కార్ఖానా యజమాని. ఈ సంగతి మరవకూడదు. ఆటగాడికి కూలి ఇవ్వడం ఆట పవిత్రతకు భంగమని పెద్దమనుషులు రెండేళ్ళు గింజుకొని, చివరకు 1885లో ఒప్పుకున్నారు. కడుపు నిండినవాడికే పవిత్రత మీద అంత పట్టు.

ఆటగాడికి వారం వారం కూలి ఇవ్వాలంటే వారం వారం గేటు డబ్బు రావాలి. అప్పటి పోటీలకు నియమం లేదు. కప్పు ఆట అడ్డం వస్తే ముందు ఒప్పుకున్న పందెం రద్దయ్యేది, వచ్చిన జనం తిరిగిపోయేవారు. 1888లో బర్మింగ్‌హామ్‌లో బట్టల దుకాణం నడిపే విలియమ్ మెక్‌గ్రెగర్ ఇతర క్లబ్బులకు లేఖ రాశాడు. 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగు పెట్టుకున్నాయి. ఆరు లాంకషైర్‌వి, ఆరు నడిమి జిల్లాలవి. లండనుది ఒక్కటీ లేదు. పత్తి, ఇనుము, పింగాణీ ఎక్కడుంటే లీగు అక్కడుంది. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో రైల్వే పనివాళ్ళ జట్టుగా మొదలైంది. ఆర్సెనల్ 1886లో ఆయుధ కర్మాగారం కార్మికులది. వెస్ట్ హామ్ 1895లో ఓడలు కట్టే కార్ఖానాది. అంటే లీగు అమ్మింది ఫలితం తెలియని ఆటను మాత్రమే కాదు, తప్పక జరిగే ఆటను. రెండు వారాలకొకసారి మన వీథివాళ్ళంతా ఒకచోట నిలబడతారన్న హామీని.

ఆ నిలబడే మెట్లు మన సినిమాహాలు నేల టిక్కెట్టు వంటివి. 1890లో లీగు కనీసధర 6 పెన్నీలని నిర్ణయించింది. అది మరీ నిరుపేదను బయట వుంచడానికి చాలు, నైపుణ్యం వున్న పనివాడు చెల్లించడానికీ చాలు. లాభానికి హద్దు కూడా వుండేది: క్లబ్బులు వాటాదారులకు 5 శాతం మించి డివిడెండు ఇవ్వరాదని 19వ శతాబ్దం చివరలోనే నియమం వచ్చింది. 1901 నుంచి ఆటగాడి కూలికీ హద్దు పెట్టారు, వారానికి 4 పౌన్లు. మొదటి హద్దు యజమానికి పెద్దగా నొప్పి కలిగించలేదు. అతను సారా వ్యాపారో, మిల్లుదారో. క్లబ్బు వల్ల వూళ్ళో పరపతీ, తన సరుకుకు గిరాకీ దొరికేవి. లివర్‌పూల్ క్లబ్బు పుట్టుకే అది. ఆన్‌ఫీల్డ్ మైదానం విషయంలో సారాబట్టీ యజమాని జాన్ హౌల్డింగ్‌తో అద్దె తగాదా వచ్చి 1892లో ఎవర్టన్ వెళ్ళిపోతే, ఖాళీ మైదానం కోసం ఆయన కొత్త క్లబ్బునే పుట్టించాడు. రెండవ హద్దు మాత్రం ఆటగాణ్ణి 60 ఏళ్ళు నొక్కిపెట్టింది. 1961లో సంఘం సమ్మె నోటీసు ఇస్తేగాని పోలేదు. అప్పటికి అది వారానికి 20 పౌన్లు.

గిరాకీ అంటే జనం ఇష్టానికి అద్దమని చెప్పేవాళ్ళు ఇక్కడ ఒక ఘట్టం చదవాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రెస్టన్‌లోని డిక్ కెర్ కర్మాగారం స్త్రీలు ఒక జట్టు కట్టి, దాతృత్వ నిధుల కోసం ఆడేవారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ళ ఆటకు 53,000 మంది టిక్కెట్టు కొన్నారు. వేలమంది చోటు దొరక్క వెనక్కిపోయారు. ఏడాది తిరగలేదు. 1921 డిసెంబరులో అసోసియేషన్, ఈ ఆట స్త్రీలకు తగదని, తన క్లబ్బుల మైదానాలు వాళ్ళకు ఇవ్వరాదని శాసించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళుంది. జనం లేక కాదు, జనం వచ్చినందుకే. శనివారం సగం సెలవు ఎవరి పేర చట్టంలోకి ఎక్కిందో వాళ్ళకే ఆ పూట ఇంటిచాకిరీ మిగిలింది. మైదానం మీద వాళ్ళు కట్టుకున్న గిరాకీని కూడా తుడిచిపెట్టారు. 2022లో వెంబ్లీలో స్త్రీల యూరప్ ఫైనల్‌కు 87,192 మంది వచ్చినప్పుడు, ఇదేదో కొత్త మార్కెట్టు దొరికినట్టు మాట్లాడినవాళ్ళు ఈ లెక్క చూడలేదు.

పురుషుల ఆటకు జనం పరాకాష్ఠ నందుకున్నది 1948-49లో. ఆ ఒక్క సీజన్‌లో లీగు ఆటలకు 4 కోట్ల 10 లక్షలకు పైగా వచ్చారు. అప్పుడు అందరికీ పని వుంది, చేతిలో కూలి వుంది, దుకాణాల్లో సరుకు లేదు. ఆట నాణ్యత అమాంతం పెరిగి కాదు. ఇంత డబ్బు వసూలైనా మెట్లు బాగుపడలేదు. 1902లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో చెక్క మెట్లు విరిగి 25 మంది చనిపోయారు. 1946లో బోల్టన్‌లో తొక్కిసలాటలో 33 మంది. ఆ తర్వాత కూడా పాత మెట్లే.

తర్వాతి క్షీణతను సాధారణంగా రౌడీల మీదకు తోస్తారు. రౌడీతనం నిజమే, దాన్ని కప్పిపుచ్చడం మన పని కాదు. కాని గేటు 1950లలోనే పడిపోవడం మొదలైంది. మిల్లులు మూతపడ్డాయి, పాత వీథులు కూల్చి జనాన్ని వూరి బయటి ఇళ్ళకు పంపారు, ఇంట్లోకి టెలివిజన్ వచ్చింది. 1962లో ఆక్రింగ్టన్ స్టాన్లీ క్లబ్బు అప్పులపాలై సీజన్ మధ్యలోనే లీగు వదిలింది. ఆ వూరు 1888లో లీగును స్థాపించిన వూళ్ళలో ఒకటి (జట్టు వేరు, వూరు అదే). 1985-86 నాటికి జనం కోటీ 65 లక్షలకు దిగారు. 1985లోనే బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క గ్యాలరీ తగలబడి 56 మంది చనిపోయారు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో ఇనుప కంచెల మధ్య నలిగి లివర్‌పూల్ ప్రేక్షకులు చనిపోయారు. చివరి మరణంతో ఆ సంఖ్య 97. తాగి తొక్కుకున్నారని పోలీసులు ప్రచారం చేశారు. అది అబద్ధమని, అది చట్టవిరుద్ధమైన హత్య అని న్యాయవిచారణ జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. మధ్యలో 1990 జనవరిలో న్యాయమూర్తి టేలర్ నివేదిక వచ్చింది. పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలుండాలన్నాడు. అదే నివేదికలో, కుర్చీ పేరుతో పేదవాణ్ణి వెళ్ళగొట్టనక్కరలేదని కూడా అన్నాడు. ఐబ్రాక్స్‌లో కుర్చీ 6 పౌన్లు, నిలుచుంటే 4 పౌన్లని లెక్క చూపాడు. యజమానులు నివేదికలో సగం చదివారు.

ఎందుకంటే అప్పటికే హద్దులు తెగిపోతున్నాయి. 1983లో టాటెన్‌హామ్ క్లబ్బు, పైన ఒక హోల్డింగు కంపెనీని కట్టి, డివిడెండు నియమాన్ని తప్పించుకొని స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. ఆ ఏడే లీగు ఆటల గేటులో వచ్చిన జట్టుకు వాటా ఇచ్చే పాత ఆచారాన్ని ఎత్తివేశారు. చిన్న వూళ్ళ క్లబ్బులకు అదొక గొడ్డలిపెట్టు. 1992లో పెద్ద క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగు పెట్టుకొని టెలివిజన్‌కు అమ్ముకున్నాయి. 2016-19 మూడు సీజన్లకు బ్రిటన్‌లోని ప్రసార హక్కులే 500 కోట్ల పౌన్లు దాటాయి. అంత ఆదాయం ముందు టిక్కెట్టు మీద పెంచిన పది, ఇరవై పౌన్ల మొత్తం ఏపాటి? అయినా పెంచారు. ఎవరో తవ్విన చెరువు మీద నీటి తీరువా వసూలు చేసిన జమీందారు మనకు తెలుసు. నాలుగు తరాల మిల్లు వీథులు పోగుచేసిన విధేయత యజమాని తయారుచేసింది కాదు. దాని మీద వసూలు చేసే శిస్తే ఈ టిక్కెట్టు.

ఇందులో ఒక వింత వుంది. ప్రేక్షకుడు సరుకును కొనేవాడే కాదు, సరుకును తయారుచేసేవాడు కూడా. 2020లో కోవిడ్ వల్ల ఖాళీ మైదానాల్లో ఆడించినప్పుడు, టెలివిజన్ కంపెనీలు రికార్డు చేసిన జనఘోషను అతికించి ప్రసారం చేశాయి. జర్మనీలో ఈ సంగతి కొంత గుర్తించారు. అక్కడ 1998 నాటి నియమం ప్రకారం, క్లబ్బు ఆట విభాగాన్ని కంపెనీగా మార్చినా సగానికి మించిన ఓటు సభ్యులదే. డార్ట్‌మండ్ దక్షిణ గ్యాలరీలో ఈనాటికీ సుమారు 25,000 మంది నిలబడి చూస్తారు. అదేమీ సోషలిజం కాదు. లెవర్‌కూసెన్‌లో బేయర్ కంపెనీకి, వుల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వాగన్‌కు ఆ నియమం నుంచి మినహాయింపులున్నాయి. అయినా ఓటు వున్నచోట ధర మాట్లాడి తేల్చుకోవలసి వస్తుంది.

ఓటు లేనిచోట కాళ్ళున్నాయి. లివర్‌పూల్ యజమానులు కొత్త గ్యాలరీలో 77 పౌన్ల టిక్కెట్టు ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండుతో ఆట జరుగుతుండగా, 77వ నిమిషంలో సుమారు 10,000 మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి వాళ్ళ జట్టు 2-0తో ముందుంది; మిగిలిన కాసేపట్లో సండర్లాండు రెండు గోల్సు కొట్టి సమం చేసింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ టిక్కెట్టు రద్దుచేశారు. మరుసటి నెలలో ప్రీమియర్ లీగు క్లబ్బులన్నీ, పొరుగూరి నుంచి వచ్చే ప్రేక్షకుడి దగ్గర 30 పౌన్లు మించి తీసుకోరాదని ఒప్పుకున్నాయి. సొంత వూళ్ళో చూసేవాడికి అటువంటి పరిమితి ఏదీ పెట్టలేదు.