కుడి ఎవరిది?

కొన్నాళ్ల క్రితం పటాన్‌చెరులోని ఒక కర్మాగారంలో పనిచేసే నా పూర్వ విద్యార్థి కొండాపూర్‌లోని మా యింటికి వచ్చి, తన ఛాతీ ఎక్స్‌రేను నా చేతిలో పెట్టి, "సార్, ఇందులో ఏమున్నదో జర చూడుండ్రి" అన్నాడు. కిటికీ వెలుతురుకు పట్టి చూచాను. నా ఎడమచేతి వైపున ఒక మచ్చ కనబడింది. "ఎడమవైపున ఉన్నది నాయనా" అన్నాను. ఎడమ అనగానే గుండె కాబోలుననుకొని అతని ముఖం పాలిపోయింది. మచ్చ కుడి ఊపిరితిత్తిలో ఉన్నదనీ, మందులతో తగ్గుననీ మరునాడు వైద్యుడు చెప్పాడట. జీవితమంతా భాష బోధించిన వాడను, కుడియెడమల దగ్గర తప్పాను!

ఛాతీ ఎక్స్‌రేను రోగి మనకెదురుగా నిలుచున్నట్లు భావించి చూడవలెను. అతని కుడి మన ఎడమవైపుకు వస్తుంది. వైద్యశాస్త్రంలో కుడి అంటే ఎల్లప్పుడూ రోగి కుడియే.

మన రైతుకు ఈ చిక్కు లేదు. కాడికి కట్టిన ఎడ్లలో ఎడమదానిని దాపటెద్దు, కుడిదానిని వలపటెద్దు అంటాడు. అతడు ఎడ్ల వెనుక నిలిచి అవి చూచే వైపే చూస్తాడు గనుక ఎద్దు కుడీ, రైతు కుడీ ఒక్కటే. వైద్యుడు రోగికి ఎదురుగా నిలుస్తాడు. చిక్కంతా అక్కడనే.

మన పూర్వులు ఉదయసూర్యునికి అభిముఖంగా నిలిచి దిక్కులకు పేర్లు పెట్టారు. అందుచేతనే పూర్వమంటే ముందూ, తూర్పూ. పశ్చిమమంటే వెనుకా, పడమరా. దక్షిణమంటే కుడీ, దక్షిణదిక్కూ. ఉత్తరానికి 'పైది' అన్న అర్థమున్నది. ఉత్తరీయం అందుకు సాక్షి. సుశ్రుతుడు నాభిని మూలంగా గ్రహించి, 24 ధమనులలో పదింటిని ఊర్ధ్వగములనీ, పదింటిని అధోగములనీ, నాలుగింటిని తిర్యగ్గములనీ విభజించాడు. పైకి, క్రిందికి, అడ్డంగా పోయేవని అర్థం. చూచేవాడెక్కడ నిలిచినా ఈ మాటలు మారవు, దేహమే కేంద్రం.

పాశ్చాత్యులకూ ఇది ఒక్కనాట తేలలేదు. నాలుగుకాళ్ల జంతువుకు తల ముందువైపు, పొట్ట క్రిందివైపు. నిలుచున్న మనిషికి తల పైన, పొట్ట ముందు. జంతువులకు చెప్పిన మాట మనిషికి అతకదు. ఒకే అవయవానికి పలు పేర్లుండేవి. 1895లో బాసెల్ నగరంలో శరీరశాస్త్రజ్ఞులు ఒక సమ్మతమైన లాటిన్ పదావళిని కుదుర్చుకున్నారు. మనిషి నిటారుగా నిలిచి, చేతులు ప్రక్కలకు వ్రేలాడదీసి, అరచేతులు ముందుకు త్రిప్పిన భంగిమయే నేడు ప్రమాణం. ఆ భంగిమలో ముందువైపు ఆంటీరియర్, వెనుకవైపు పోస్టీరియర్, నడిమిగీతకు దగ్గరిది మీడియల్, దూరమైనది లాటరల్.

హైదరాబాదులో 1846లో వైద్యపాఠశాల వెలసినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. పిమ్మట ఆంగ్లం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మరల ఉర్దూలో వైద్యం బోధించారు. 1948 తరువాత తిరిగి ఆంగ్లమే. తెలుగు వంతు మాత్రం రానేలేదు. పదాలు లేక కాదు: పూర్వ, పశ్చిమ, ఊర్ధ్వ, అధో, పార్శ్వ అన్నీ మనకున్నవే.

ఇది భాషాభిమానం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికలో, మత్తుమందు ఇచ్చుటకు ముందే రోగి తన పేరునూ, కోయవలసిన చోటునూ తానే ధ్రువపరచవలెనన్న నియమమున్నది. ఒకవైపుకు బదులు రెండవవైపు కోసే ప్రమాదం తప్పించుటకే ఇది. తనకు తెలియని భాషలోని మాటకు తలయూపితే అది ధ్రువీకరణ యెట్లగును?

అందుకే ఇప్పుడు రిపోర్టులు తెచ్చే పిల్లలకు ఒక్కటే చెబుతున్నాను: "ఆ చోటు మీద నీ చేయి పెట్టుకొని, ఇక్కడనేనా డాక్టరుగారూ అని అడుగు నాయనా." ఎక్స్‌రే చదివే సాహసం నేను మరల చేయలేదు.