అరణ్యానీ సూక్తము – అడవి భయము

ఋగ్వేద దశమ మండలములోని 146వ సూక్తమునకు దేవత అరణ్యాని, ద్రష్ట ఐరమ్మదుడగు దేవముని. ఋక్కులు ఆరే. గ్రామపు దారి అడుగవేమి, నీకు భయము కలుగదా యని ఋషి ఆ దేవతనే ప్రశ్నించుచు ప్రారంభించును. సాయంవేళ అడవిలో నిలిచినవానికి ఎవరో ఆవును పిలిచినట్లు, ఎవరో మ్రాను నరికినట్లు, బండి కిర్రుమన్నట్లు, ఎవరో అరచినట్లు తోచును. అరచిరని ఋషి చెప్పలేదు. అరచిరని వాడు తలచునని మాత్రమే చెప్పెను. ఈ భేదము గమనింపదగినది. భయమంతయు చెవిద్వారా మనస్సున ప్రవేశించుచున్నది.

1996లో జపానున వెలువడిన 'రెసిడెంట్ ఈవిల్' వలన 'సర్వైవల్ హారర్' అను పేరు వీడియో క్రీడలలో స్థిరపడినది. 2012 నాటి 'స్లెండర్' క్రీడలో ఆడువానికి ఆయుధము లేదు. చేత టార్చిలైటు, చుట్టును చీకటి అడవి, వెదకవలసిన ఎనిమిది కాగితములు. అచ్చటను ముందుగా బెదరించునది ధ్వనియే.

నిరాయుధత్వము మాత్రము క్రొత్తది కాదు. నలుడు విడిచిపోగా దమయంతి వనమున ఒంటరియైనది. కొండచిలువ పట్టినది, విడిపించిన కిరాతుడే కామించి ఆమె శాపమున కూలెను. పిమ్మట ఆమె పెద్దపులిని, పర్వతమును, అశోకవృక్షమును నలుని జాడ అడిగెను. నన్నయ ఆరణ్యపర్వమున ఈ కథ తెనుగువారికి చిరపరిచితము.

స్లెండరు అడవిలో అట్లు అడుగదగినవారు లేరు. దేవముని అరణ్యాని యన్ననో, పరులు మీదికి రానిచో తానుగా ఎవరినీ చంపదు. దున్నకయే అన్నమిచ్చును, మృగములకు తల్లి.