మూడు పరకల లెక్క

డెబ్బై రెండులో నూటికి ముప్పై ఏడున్నర ఎంత? అమెరికా పోవాలనుకునేవాళ్లు రాసే జీఆర్‌ఈ పుస్తకాల్లో, ఇక్కడ ఎంబీఏ, ఎంసీఏ కోసం రాసే ఐసెట్ పుస్తకాల్లో ఇట్లాంటి లెక్కలు కొల్లలు. ఇంజనీరింగ్ చదివిన పిల్లోడు 37.5ను 72తో హెచ్చవేసి, చుక్క ఎక్కడ పెట్టాల్నో వెతుక్కుంటాడు. మా జేజి అయితే మూడు పరకలని చెప్పి పని చూసుకునేది. పరక అంటే ఎనిమిదో వంతు, నూటికి పన్నెండున్నర. డెబ్బై రెండులో పరక తొమ్మిది, మూడు పరకలు ఇరవై ఏడు. ఆమె బడి మొగం చూసింది లేదు. పసుపు అమ్మేటప్పుడు దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడుతుంటే పక్కన నిలబడి విన్న లెక్కలే ఆమెకు చదువు.

కడప జిల్లా దువ్వూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని నేను. సెలవులకు ఊరికొచ్చిన ఇంజనీరింగ్ పిల్లోళ్లు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. వాళ్ల లెక్కలు చూసే కొద్దీ ఇవి మాకు కొత్తవేం కాదే అనిపించేది. ఒక్కటి మాత్రం నిజంగా కొత్త. దాని సంగతి తర్వాత చెప్తాను.

పాత లోకమంతా సగాల లోకం. అరలో సగం కాలు, కాలులో సగం పరక, పరకలో సగం వీసం. రూపాయికి పదహారణాలు కాబట్టి వీసమంటే అణా. తూకమూ ఇట్లాంటిదే. మద్రాసు రాజధాని లెక్కన ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. మణుగులో వీశె ఎంతంటే, మళ్లీ పరకే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినాయి. రెండణాలకు న్యాయంగా రావలసింది పన్నెండున్నర పైసలు, సర్కారు పట్టికలో ఇచ్చింది పన్నెండు. పోయింది అర పైసే కావచ్చు గానీ, దాంతోపాటు పరకల ఎక్కం కూడా పోయింది. ఆ తర్వాత పుట్టిన పిల్లోళ్లకు 12.5 శాతం అంటే దశాంశమే గానీ, చేతికి తగిలే వంతు కాదు.

ఈ ఎక్కాలు ఎట్ల నేర్పేవాళ్లో చెప్పే కాగితం ఒకటుంది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ధారపోసిన దత్తమండలాలను మొదట ఏలిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1822లో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగినాడు. అప్పట్లో మా పక్క జిల్లా అయిన బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసి పంపినాడు: 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చినోని అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవానికి రెండు, అట్ల పెరుగుతా పోతాయి. పిల్లలు ఇసుకలో వేలితో రాస్తారు, ఎక్కాలు ఒకరు చెప్తే అందరూ వల్లిస్తారు, పెద్దోళ్లు చిన్నోళ్లకు చెప్తారు. దెబ్బలు కూడా ఎక్కం ప్రకారమే పడే బడి అది! తప్పు రాస్తే మార్కు కోయని ఐసెట్టూ, జీఆర్‌ఈయూ దాని ముందు ఎంత దయగలవో.

అంతకు చాలా ముందే ఈ లెక్కలు పుస్తకమెక్కినాయి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాస్తే, పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు. మహావీరుని మిశ్రక వ్యవహారంలో వడ్డీ లెక్కలుంటాయి, రకరకాల వన్నెల బంగారం కలిపి కరిగించే లెక్కలుంటాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గర పెరిగిన పిల్లోనికి ఇవి వేరే చెప్పాల్నా? 22 క్యారెట్లది ఆరు గ్రాములు, 18 క్యారెట్లది రెండు గ్రాములు కలిపితే ఎన్ని క్యారెట్లు? పుస్తకం సమీకరణం రాయమంటుంది. ఆచారి నోటితో చెప్తాడు: తేడా నాలుగు, తక్కువది కాలు వంతు, కాబట్టి ఒకటి దిగుతుంది, ఇరవై ఒకటి.

వడ్డీకొస్తే మా ఊరోళ్లు రెండు రూపాయల వడ్డీ అంటారు, అంటే నెలకు నూటికి రెండు. పుస్తకంలో అదే ఏడాదికి 24 శాతం. పిల్లోళ్లు ఇక్కడ తడబడరు, ఇంట్లో అప్పు ఉంటుంది కదా. పసుపు లెక్క ఇంకా బాగుంటుంది. పచ్చి కొమ్ముల్లో నూటికి 80 వంతులు నీళ్లు, ఉడికించి ఆరబెట్టినాక 10 వంతులు మిగిలినాయనుకో. వంద కిలోలకు ఎంత వస్తుంది? తొందరపడినోడు డెబ్బై తగ్గించి ముప్పై అంటాడు. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద పసుపు పెట్టిన రైతు నవ్వుతాడు. నీళ్లు పోతాయి గానీ గట్టిది ఇరవై కిలోలు అట్లనే ఉంటుంది, ఆ ఇరవై ఇప్పుడు తొంభై వంతులు, కాబట్టి ఇరవై రెండు కిలోల పైన ఇంకో కాస్త.

జీఆర్‌ఈ పుట్టింది 1936 ప్రాంతంలో. కార్నెగీ ఫౌండేషనూ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా అనే నాలుగు విశ్వవిద్యాలయాలూ కలిసి మొదలుపెట్టినాయి. 1948లో ఈటీఎస్ అనే పరీక్షల సంస్థ చేతికి వచ్చింది. మా దిక్కు అది ఒక ఊరి మాటగా మారింది మాత్రం తొంభైల్లో, బారన్స్ పుస్తకం జిరాక్సు కాపీలుగా హాస్టళ్లలో తిరిగినప్పుడు. పిల్లోళ్లకు ఇంగ్లీషు మాటల పట్టికంటే గుండె దడ. లెక్కల్లో 800కు 800 రాకపోతే సిగ్గు.

ఆ ఎనిమిది వందలను మింగింది ఒకే రకం ప్రశ్న, నేను కొత్తదన్నది అదే. రెండు రాశులిస్తారు, ఏది పెద్దదో చెప్పమంటారు. నాలుగు జవాబులు: మొదటిది పెద్ద, రెండోది పెద్ద, రెండూ సమానం, చెప్పలేం. ఎక్స్ వర్గం 16, మరి ఎక్స్ పెద్దదా, 4 పెద్దదా? నాతో కూచున్న పిల్లోడు వెంటనే సమానమంటాడు. మైనస్ నాలుగు ఉందని గుర్తుకు రాదు. రాదు మరి, మా కొట్టంలో మైనస్ నాలుగు బస్తాలెప్పుడూ లేవు. ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీ ఉంది, ఇచ్చిన సమాచారం చాలునా అని అడిగేది, అదీ ఇదే జాతి. ఒక వ్యాపారి లాభం నూటికి ఎంత? అమ్మిన ధర కొన్నదానికి ఒకటింబావు రెట్లు అనేది ఒక వాక్యం. లాభం ఐదువందలు అనేది ఇంకోటి. మొదటిదొక్కటే చాలు, రెండోదొక్కటే చాలదు. అయినా మా వాళ్లు రెండూ కలిపి, కొన్న ధర రెండు వేలని తేల్చి, అమ్మిన ధర కూడా తేల్చి, గీత గీసిగానీ నిద్రపోరు. చివరి పైసా తేలాల్సిందే. వీధిబడి నుంచి వచ్చిన గుణమిది. లెక్క తేలుతుందా లేదా అని మాత్రమే చూసి, చేయకుండానే వదిలేయడమంటే సగం తిని లేచినట్టు. నాకైతే ఇట్ల తేలుతుందా లేదా అని చూడడమే ఆ పరీక్షల్లోని అసలైన గణితమనిపిస్తుంది, మిగతాదంతా పరకల ఎక్కమే.

2011లో జీఆర్‌ఈ మార్కులు 130 నుంచి 170 దాకా ఉండే కొలతకు మారినాయి, తెర మీద క్యాలిక్యులేటరొచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి లెక్కల ప్రశ్నలు 27కు తగ్గినాయి, 47 నిమిషాలు. పులివెందులలో 2006లో జేఎన్‌టీయూ కాలేజీ, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చినాక పిల్లోళ్లకు నా అవసరం తగ్గింది. ఐసెట్ రాసే అమ్మాయి ఒకతె మాత్రం వస్తుంది. అందులో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, 55 లెక్కలవి.

మొన్న ఆమె అడిగింది: ‘సార్, రెండును అరవై నాలుగు సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే ఒకట్ల స్థానంలో ఏముంటుంది?’ చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటా పోతే వచ్చే మొత్తమిది. మల్లనదని చెప్పే పద్యంలో ఇరవై అంకెల ఆ సంఖ్యంతా మాటల్లో ఉంది, ఒకట్ల నుంచి మొదలై. మొదటి మాట శర, అంటే మన్మథుని బాణాలు, ఐదు. నేను పద్యం ఎత్తుకునేలోపే ఆమె రెండు, నాలుగు, ఎనిమిది, ఆరు అని వేళ్ల మీద తిప్పి, ఆరులో ఒకటి పోతే ఐదని చెప్పి, ఆప్షన్ బీకి సున్న చుట్టి తర్వాతి ప్రశ్నకు పోయింది.